నడుస్తూ తినే మనిషి

ఫిబ్రవరి 9

అక్కా,

ఇల్లు పడగొడుతున్నారని నాలుగు ముక్కల్లో రాసి ఊరుకున్నావు. పై వాటాలో ఇప్పటికే కిటికీలు ఊడదీస్తున్నారన్నావు. కింద నువ్వు మాత్రం ఏమీ పట్టనట్టు మిషను తిప్పుకుంటూ కూర్చుని ఉంటావు. అది నువ్వు రాయక్కర్లేదు.

నేను ఎక్కువ ఆలోచించలేదు. ఇక్కడికి వచ్చెయ్. రెండు గదులు, వెనక చిన్న వరండా. ముందుగది నీది. కిటికీ వీధివైపే ఉంది కాబట్టి సూదిలో దారం ఎక్కించుకోడానికి వెలుతురు సరిపోతుంది. నీ మరదలు పోయినప్పటి నుంచి ఆ గదిలో పాత టైర్లు తప్ప ఏమీ లేవు. అవి తీసేస్తాను.

ఫోన్ చెయ్యమన్నావు. ఫోన్ నాకు కుదరదు. ఉత్తరమే మేలు, కావాలంటే మళ్ళీ చదువుకోవచ్చు.

డిపోలో అన్నేళ్ళు బస్సుల కింద పడుకున్నవాణ్ణి, ఇప్పుడు మంచం మీద పడుకుంటే ఏమీ తోచడం లేదు. మేడ మీద ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పే మాస్టారు ఒకాయన అద్దెకి దిగాడు. ఆయన ఫ్యాను బాగుచేశాను. అందుకు బదులుగా వారానికో ఇంగ్లీషు మాట నేర్పుతానన్నాడు. ఈ వారం మాట ఇడియోసింక్రసీ. నోరు తిరగడానికే రెండు పూటలు పట్టింది. ఒక మనిషికి సొంతంగా ఉండే వింత అలవాటుని అలా అంటారట. పిచ్చి కాదు, జబ్బు కాదు, తప్పూ కాదు. ఆ మనిషికి ఉంటుంది, పక్కమనిషికి ఉండదు, అంతే.

"ఒక ఉదాహరణ చెప్పండి చూద్దాం," అన్నాడు.

నాకు వెతుక్కునే పనేముంది. "మా అక్క నడుస్తూ అన్నం తింటుందండీ," అన్నాను. కంచం చేత్తో పట్టుకుని వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా, మళ్ళీ వెనక్కి. చిన్నప్పుడు నిన్ను తిరగలి అనేవాళ్ళమని కూడా చెప్పాను. బట్ట ఎంత బాగా కుట్టినా చివరి దారం మాత్రం తెంపవని, మనిషి వచ్చి తొడుక్కుని చూసుకున్నాకే తెంపుతావని చెప్పాను. గుండుసూదులు కర్టెన్ల అంచులకి గుచ్చడం, నేను కర్టెన్ పక్కకి లాగితే వేలికి దిగడం కూడా చెప్పాను. మాస్టారు భలే నవ్వాడు.

ఇవన్నీ నాకు తెలిసినవే కాబట్టి నువ్వేమీ మొహమాటపడకు. నేను సర్దుకుంటాను.

ఎప్పుడొస్తావో రాయి.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 17

తమ్ముడికి,

నన్ను రమ్మన్నందుకు సంతోషం. నా గురించి మీ మేడ మీద మాస్టారుకి కథలు చెప్పి నవ్వించినందుకు ఏమనాలో తెలియలేదు. అందుకే వారం ఆగి రాస్తున్నాను.

ఆ మాట నర్సమ్మని అడిగాను. మా వీధి చివర ఉంటుంది, ఆసుపత్రి యూనిఫాం వదులు చేయించుకోడానికి వచ్చింది. "అదేం తిట్టు కాదు టైలరమ్మా. మర్యాదగా చెప్పాలంటే ఆ మాట వాడతారు. మర్యాద అక్కర్లేకపోతే చాదస్తం అంటారు," అంది.

"మరి అందరికీ ఉంటాయా?"

"మా పెద్ద డాక్టరుకి ఉన్నాయి. మీకు ఉన్నాయి. నాకేం లేవు," అంటూ బల్ల మీద కత్తెర తీసి, మొన గోడవైపు తిప్పి పెట్టింది. మా కొట్టుకి వచ్చినప్పుడల్లా ముందు ఆ పని చేసి గానీ కూర్చోదు. 

చాదస్తమన్నా నాకు పట్టింపు లేదు. నన్ను గుచ్చింది అది కాదు. సర్దుకుంటాను అన్నావు చూడు, అదీ. ఆ మాట వాటాల్లో అద్దెకుండేవాళ్ళు చెప్పుకునే మాట. ఒక కడుపున పుట్టినవాళ్ళం, మనమధ్య ఏమిట్రా సర్దుకోవడాలు?

నడుస్తూ తినడం నాకు సరదా అనుకుంటున్నావేమో. ఒక్కదాన్నే కొట్టు నడుపుకున్నాను. అన్నం వేళకి లోపల కూర్చుంటే వచ్చినవాళ్ళు కొట్టు కట్టేశారనుకుని వెళ్ళిపోయేవాళ్ళు. కంచంతో గుమ్మం దాకా వస్తే మనిషి ఉందని తెలిసేది. ఇప్పుడు కూర్చుంటే ముద్ద దిగదు.

నీవి మాత్రం తక్కువా? ఏ ఇంటికెళ్ళినా జేబులోంచి ఆ పొడుగు స్క్రూడ్రైవర్ తీసి, మొన ఫ్రిజ్ కి ఆనించి పిడి చెవి వెనక పెట్టుకుని వింటావు. ఇంజిన్ లోపలి చప్పుడు అలాగే తెలుస్తుందని బస్సులకి చేశావు సరే, చుట్టాల ఇళ్ళలో గోడ గడియారాలకి ఎందుకు? నీ పెళ్ళిచూపుల్లో వాళ్ళ నీళ్ళ మోటారుకి పెట్టావు. బేరింగు పోయిందన్నావు. నా మరదలు ఆ మాటకే నిన్ను ఒప్పుకుందో, లేక అది పట్టించుకోకుండా ఒప్పుకుందో ఇప్పటికీ నాకు తెలీదు. చెప్పులు ఎప్పుడూ గుమ్మం బయటికి తిరిగి ఉంటాయి, ఎక్కడో బస్సు ఆగిపోయి పిలుపు వచ్చినట్టు. ఇప్పుడు నిన్నెవరు పిలుస్తారు?

ఏప్రిల్ నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు ఇంటాయన. రావాలనే ఉంది. కానీ నువ్వు సర్దుకోవడం, నేను ఒదగడం, ఈ వయసులో అవుతుందా అని అటూ ఇటూ ఊగుతున్నాను. పైన పలుగుతో పొడుస్తున్నారు. మిషను మీద సున్నం రాలుతోంది. ఇంక ఆపుతాను.

అక్క


ఫిబ్రవరి 25

అక్కా,

నీ ఉత్తరం పట్టుకెళ్ళి మాస్టారుకి చూపించాను. కోపగించకు, ఆ మాట గురించి రాసిన సగమే చూపించాను. ఆయన తల గోక్కుని, "తప్పు నాది. ఆ మాట అర్థం చెప్పాను గానీ వాడకం చెప్పలేదు," అన్నాడు. మనం చేసేదానికి మనం ఎప్పుడూ ఆ మాట వాడమట. మనకుంటే పద్ధతి అంటాం, ఎదుటివాళ్ళకి ఉంటేనే ఆ పేరు పెడతాం. అందుకని ఎదురుగా ఉన్న మనిషితో ఆ మాట వాడేటప్పుడు చూసుకోవాలట. ముందే చెప్పొద్దూ.

నువ్వు ఊగుతున్నానన్నావు. ఊగక్కర్లేదు. అన్నీ సరిచేస్తున్నాను. స్క్రూడ్రైవర్ పెట్టెలో పెట్టి తాళం వేశాను. నా చాదస్తంతో నీకు విసుగు రానివ్వను. చెప్పులు కూడా ఇప్పుడు గోడవైపు తిప్పి పెడుతున్నాను. పొద్దున్నే లేచి వాటిని చూస్తే ఎవరో చుట్టం వచ్చినట్టుంటుంది.

ఇంకో సంగతి. డిపో పక్క వడ్రంగి దగ్గర టేబుల్ తీసుకున్నాను. రెండు కుర్చీలు కూడా. మంచి కర్ర. ఇక్కడ నీకు కొట్టు లేదు, గుమ్మం దగ్గర ఎవరికీ కనపడాల్సిన పని లేదు. హాయిగా కూర్చుని తినొచ్చు.

ఒకసారి నాలుగు రోజులు ఉండి చూసి వెళ్ళు. అప్పుడు నీకే తెలుస్తుంది.

తమ్ముడు


మార్చి 5

తమ్ముడికి,

టేబుల్ ఎందుకురా?

ఈ ఒక్క మాటా రాసి పోస్టు చేద్దామనుకున్నాను. కవరు దండగ అని మిగతాది రాస్తున్నాను.

కూర్చుని ఎందుకు తినలేనో వివరంగా రాశాను. నువ్వు చదివి కుర్చీ కొన్నావు. నేను వస్తే నేను మారాలని నీకుంది, అది నోటితో అనలేక వడ్రంగి చేత అనిపించావు. సరే. పెద్దదాన్ని, కూర్చుంటాను. చచ్చిపోను కదా.

తొక్కుడు మిషను నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయికి ఇచ్చేశాను. చేతి మిషను ఉంచుకున్నాను. నేను మొట్టమొదట కుట్టింది దాని మీదే. వచ్చేటప్పుడు దాన్ని కూడా తెస్తాను. దాని చప్పుడు మీ మేడ మీద మాస్టారుకి ఇబ్బందో కాదో చూడాలి.

నర్సమ్మ తన ఇంట్లో పక్కగది ఖాళీగా ఉంది, రమ్మంటోంది. ఒంటరిది, రాత్రి డ్యూటీలు. ఇంట్లో మనిషి ఉన్నట్టుంటుందని ఆవిడ ఆశ. ఇంకా ఏమీ చెప్పలేదు.

పదమూడో తారీకు బస్సుకి వస్తాను. నువ్వు స్టాండుకి రాకు. వస్తే ఆ బస్సు కింద దూరతావు, నేను సామానుతో నిలబడాలి.

అక్క


మార్చి 21

తమ్ముడికి,

క్షేమంగా చేరాను. దారిలో ఏ ఇబ్బందీ లేదు. మిషను కూడా భద్రంగా ఉంది.

నాలుగు రోజులూ నన్ను బాగా చూసుకున్నావు. నీ ఇల్లు శుభ్రంగా ఉంది. కిటికీ వెలుతురు నువ్వు చెప్పినట్టే ఉంది. మాస్టారు కూడా మంచివాడు. మిషను చప్పుడు ఆయనకేమీ ఇబ్బంది లేదన్నాడు.

నీతో చెప్పే వచ్చాను కాబట్టి మళ్ళీ రాయక్కర్లేదు గానీ, నర్సమ్మ గదికే వెళ్తున్నాను. వచ్చే నెలాఖరులోపు సామాను చేరవేస్తాను. నీకు దూరమేమీ కాదు, బస్సులున్నాయి.

ఆరోగ్యం చూసుకో.

మీ అక్క


మార్చి 29

అక్కయ్యకు,

నీ ఉత్తరం అందింది. నర్సమ్మ గది కుదిరినందుకు సంతోషం. అలవాటైన వీధి, అలవాటైన మనుషులు. అదే మంచిది.

నాతో చెప్పే వెళ్ళానన్నావు. నాకు గుర్తు లేదు. చెప్పే ఉంటావు.

నీకు ఇక్కడ నచ్చలేదని నాకు రెండోరోజే తెలిసింది. టేబుల్ దగ్గర కొత్తవాళ్ళింట్లో కూర్చున్నట్టు కూర్చున్నావు. నాలుగు ముద్దలు తిని, చాలు అన్నావు. ఇంకొంచెం వేసుకో అంటే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టావు. కర్టెన్లు వెతికాను, ఒక్క గుండుసూది లేదు. ఎన్నాళ్ళో ఉండని మనిషి అలాగే ఉంటుంది మరి.

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. తలుపులు కొట్టుకుంటున్నాయి. పొద్దున లేచి డిపో దాకా నడుస్తున్నాను. గేటు దగ్గర కుర్రాళ్ళు నమస్కారం పెడతారు గానీ బానెట్ దగ్గరికి రానివ్వరు. తిరిగొస్తాను. మళ్ళీ సాయంత్రం వెళ్తాను. మాస్టారు కొత్త మాట చెప్పాడు, రాసుకోలేదు.

టేబుల్ ఒక కాలు ఎత్తుగా ఉంది. కింద అట్టముక్క పెట్టాను.

తమ్ముడు


ఏప్రిల్ 4

ఒరే తమ్ముడూ,

కొత్తవాళ్ళింట్లో కూర్చున్నట్టు కూర్చున్నానా? కూర్చోబెట్టింది ఎవరు? టేబుల్ కొన్నది నేనా? నీ ముచ్చట తీరాలని కాళ్ళు కుర్చీకి కట్టేసినట్టు కూర్చుని తిన్నాను. నాలుగు రోజులూ నాకు కడుపు నిండలేదు. బస్సు దిగి ఇంటికొచ్చి, కంచం పట్టుకుని, పడగొట్టిన పై వాటా మెట్లదాకా తిరిగి తిన్నాను. సున్నం పడినా తిన్నాను. సూదులంటావా, నీ వేలికి గుచ్చుకుంటాయని అన్నీ డబ్బాలో పెట్టి మూత బిగించాను. వెయ్యిసార్లు మూత తీసుకోలేక చచ్చాను.

నువ్వేం చేశావు? నా చేతి మిషను నీ ఇంట్లో నాలుగు రోజులుంది. బాబిన్ కి దారం చుట్టే వైపు టకటకమంటూనే ఉంది. దాన్ని నేను కొన్నరోజు, నిక్కరు వేసుకుని షెడ్డులో పని నేర్చుకుంటున్నవాడివి, స్క్రూడ్రైవర్ ఆనించి విని, "అక్కా, దీని గుండె బాగుంది," అన్నావు. తర్వాత నువ్వు ఎప్పుడొచ్చినా నాకన్నా ముందు దాన్నే పలకరించేవాడివి. ఈసారి దానివైపు చూడలేదు. నువ్వు స్క్రూడ్రైవర్ తాళం వేశానని రాశావు, నిజమే. కానీ ఎదురుగా అలా మోగుతుంటే నీ చెయ్యి ఆగుతుందా? ఆగిందంటే నాకు ఒకటే తోచింది. ఈ మిషను, ఈ మనిషి, ఎలాగూ వెళ్ళిపోయేవే కదా అనుకున్నావని.

గుర్తు లేదంటావు. మూడో రోజు సాయంత్రం మిషను తిప్పుతున్నాను. నువ్వు కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు. తల ఎత్తి అడగడానికి మొహం చెల్లక, బట్ట మీదే కళ్ళు పెట్టి అడిగాను. "నేను నర్సమ్మ గదికే పోనా?" అని.

ఊఁ అన్నావు.

పోనీ, ఇంకొకసారి అడుగుదామనుకుని, "నీకు అదే నయంగా ఉందా?" అన్నాను. దానికీ ఊఁ అన్నావు. ఇంక మూడోసారి అడగడానికి నేనేం చిన్నపిల్లనా.

అక్క


ఏప్రిల్ 10

అక్కా,

నువ్వు తల ఎత్తకుండా అడిగావు. అదీ సంగతి.

నాకు వినపడదక్కా. డిపోలో ఉండగానే మొదలైంది, ఈ ఏడాది బాగా ముదిరింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పోల్చుకుంటాను. మొహం దించితే దవడ కదలడం తప్ప ఏమీ తెలీదు. అలాంటప్పుడు ఊఁ అనడం అలవాటు చేసుకున్నాను. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఊఁ సరిపోతుంది. కూరలమ్మేవాడికి సరిపోతుంది, మాస్టారుకి సరిపోతుంది. నువ్వు అడిగినదానికి సరిపోలేదు.

డాక్టరు చెవికి యంత్రం ఇచ్చాడు. పెట్టుకుంటే వాన పడుతున్న రేకుల షెడ్డులో కూర్చున్నట్టుంటుంది. తీసేశాను.

స్క్రూడ్రైవర్ పిడి చెవి వెనక ఎముకకి ఆనిస్తే మాత్రం వినపడుతుంది. డాక్టరు కూడా అది నిజమేనన్నాడు. ఫ్రిజ్ నడుస్తోందా, తలుపు ఎవరైనా కొడుతున్నారా, పైన మాస్టారు తిరుగుతున్నాడా, అన్నీ దానితోనే. ఒకప్పుడు పని కోసం పట్టుకున్నది, తర్వాత ఊరికే పట్టుకున్నాను, ఇప్పుడు అది లేకపోతే నాకు ఇంట్లో ఏమీ లేదు. పెట్టెలో పెట్టి తాళం వేశాను కాబట్టి ఆ నాలుగు రోజులూ నీ మిషను నాకు చప్పుడు లేకుండా తిరిగింది. నీ చెయ్యి తిరగడం చూస్తూ కూర్చున్నాను. బాబిన్ వైపు టకటకమంటోందని నాకు నువ్వు రాస్తేనే తెలిసింది.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. చెవిటివాడు రమ్మంటే, చాకిరీ చెయ్యడానికి మనిషి కావాల్సి పిలిచాడనుకుంటావని.

నర్సమ్మకి మాట ఇచ్చేసి ఉంటావు. ఇచ్చినా ఫర్వాలేదు. ఇది చదివి జాలితో రావద్దు.

తమ్ముడు


ఏప్రిల్ 16

తమ్ముడూ,

జాలా? నాకు ఒళ్ళు మండుతోంది. చెవిటివాడినని ముందే ఏడిస్తే గట్టిగా మాట్లాడేదాన్ని కదా. పైన మాస్టారుకి వినపడుతుందని నాలుగు రోజులూ గొంతు నొక్కుకుని మాట్లాడాను. నా గొంతు కొట్టులో ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఇంక దాచుకోవాల్సిన పని లేదన్నమాట.

గదికి రావడం లేదని, నీ దగ్గరికే వెళ్తున్నానని నర్సమ్మకి చెప్పాను. మొహం చిన్నబుచ్చుకుంది. "మీ తమ్ముడు ఇబ్బంది పడడా మీతో?" అంది. పడతాడు అన్నాను. "మరి మీరు?" నేనూ పడతాను అన్నాను. ఆవిడ కత్తెర మొన గోడవైపు తిప్పింది. యూనిఫాం తొడుక్కుని చూసుకున్నాక చివరి దారం తెంపి ఇచ్చాను. ఈ కొట్టులో తెంపిన ఆఖరి దారం అదే.

నేను రావడానికి ఇంకా వారం పడుతుంది. చేతి మిషను మాత్రం రేపటి బస్సులో పార్సిలు వేస్తున్నాను. డ్రైవరుకి నీ పేరు చెబితే, ఆ స్క్రూడ్రైవర్ డాక్టరుగారా, నాకు తెలుసు అన్నాడు. మిషను చేరగానే పెట్టె తాళం తీసి స్క్రూడ్రైవర్ ఆనించు. ఏం వినపడిందో రాయి. వినకుండా ఊఁ అనకు.

అక్క


ఏప్రిల్ 20

అక్కా,

మిషను చేరింది. తిప్పే పిడికి చిన్న గీత తప్ప ఏమీ కాలేదు.

విన్నాను. బాబిన్ వైపు కాదు టకటక, కింద దారం పట్టే షటిల్ దగ్గర ఒక స్క్రూ వదులైంది. బిగించాను. తర్వాత చక్రం ఊరికే తిప్పుతూ చాలాసేపు విన్నాను. మాస్టారు దిగి వచ్చి చూశాడు. ఇది కూడా ఆ మాట కిందికే వస్తుందన్నాడు. రానివ్వండి అన్నాను.

మిషను టేబుల్ మీద పెట్టాను. అట్టముక్క తీసి కాలు కోయించాను, ఇప్పుడు ఊగడం లేదు. నీ కత్తెర, డబ్బా పెట్టుకోడానికి కూడా చోటు సరిపోయింది. కంచం పట్టే చోటు మాత్రం ఇంక లేదు. కుర్చీలు రెండూ మాస్టారు ట్యూషన్ పిల్లలకి పైకి ఇచ్చేశాను.

కర్టెన్లు మందపాటివి వేశాను. సూదులు గుచ్చుకో, నేను చూసి లాగుతాను.

వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా అడ్డమున్నవన్నీ తీసేశాను. ఒకసారి కంచం పట్టుకుని నడిచి చూశాను. మధ్యలో గడప ఒకటి ఉంది, కాలు చూసుకో.

తమ్ముడు